కవర్ లేని షాడో

వాడ ముచ్చట్లల ఇది పదకొండో భాగం. పెద్దగుంటది, తీరిక చేసుకొని చదువుండ్రి.

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసిండు. పాత డిటెక్టివ్ నవలలు, పాత చందమామలు, ఇంద్రజాల్ కామిక్స్, సినిమా పాటల పుస్తకాలు పోగేసే మనిషి. పేరు రాయను, మర్యాదస్తుడే. "మీ బాపు దగ్గర మధుబాబు షాడో నవలలు ఉన్నయట గదా అన్నా, ఫోటోలు పెట్టు, మంచి ధర ఇస్త" అన్నడు. అటక మీది సందుగ దింపి, దుమ్ము దులిపి, ఇరవై మూడు పుస్తకాలకు ముందు వెనుక ఫోటోలు తీసి పంపిన. రాత్రికి జవాబు వచ్చింది. ఒక్కదానికి గూడ కవర్ లేదు. కుట్లు ఊడినయి. లోపల మరకలు. చివరి పేజీల మీద పెన్ను రాతలు. కండిషన్ పూర్. కట్ట మొత్తానికి ఐదు వందలు. "కవర్ ఉండి, ఎవ్వరు ఏం రాయకుంట శుభ్రంగ ఉంటె ఒక్కో పుస్తకానికే అంత ఇచ్చేటోణ్ణి" అని పాపం బాధపడ్డడు గూడ.

పైసలు తక్కువ చెప్పిండని నాకు కోపం రాలే. "శుభ్రంగ" అన్న మాట దగ్గర ఆగిపోయిన. మా వాడకు ఆ మాట కొత్తది గాదు.

ఈ లోకం సంగతి తెల్వనోళ్ళకు కొంచెం చెప్త. 1938 జూన్ తేదీతోని అమెరికాల యాక్షన్ కామిక్స్ అని ఒక బొమ్మల పుస్తకం మొదటి సంచిక వచ్చింది. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనబడ్డది దాంట్లనే. ధర పది సెంట్లు. ఆ పుస్తకం కాపీ ఒకటి 2014ల 32 లక్షల డాలర్లకు, ఇంకొకటి 2024ల 60 లక్షల డాలర్లకు అమ్ముడువోయింది. అంత రేటు ఎందుకంటె మిగిలినయి చాన తక్కువ. పిల్లలు చదివిన్రు, చింపిన్రు, చేతులు మార్చుకున్నరు, రెండో ప్రపంచ యుద్ధంల రద్దీ కాయితం పోగేస్తె అందుల వేసిన్రు. అందరు చదివిన పుస్తకం కాబట్టే అది కరువైంది. అయినా ధర మాత్రం ఎవ్వరు చదవనట్టు కనబడే కాపీకే. ఇప్పుడు దానికి మార్కులేసే కంపెనీలు ఉన్నయి. సీజీసీ అని ఒకటి, పదికి ఇన్ని అని మార్కులేసి గట్టి ప్లాస్టిక్ డబ్బల పెట్టి మూసేస్తది. డబ్బ తెరిస్తె ఆ మార్కులు చెల్లయి. అంటె పుస్తకాన్ని చదివితె పుస్తకం విలువ పోతది!

మా తాతలను ముట్టుకుంటె మైల అన్నరు. ఇప్పుడు పుస్తకాన్ని ముట్టుకుంటె మైల అంటున్నరు. ఆ మనుషులకేమో విలువ సున్న చేసిన్రు, ఈ పుస్తకాలకేమో కోట్లు కడుతున్నరు. రెండు దిక్కుల మైల మాత్రం ముట్టుకున్న చెయ్యిదే.

ఇగ మా పుస్తకాలకు కవర్లు ఎందుకు లేవో చెప్త.

1978 సెప్టెంబర్ల జగిత్యాల జైత్రయాత్ర అయ్యింది. కూలి రేట్ల కోసం, వెట్టి బందు కోసం, దొరలు పట్టుకున్న భూముల కోసం జనం లేచిన్రు. అక్టోబర్ల సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. మా రుద్రంగి ఆ రెండు ఊర్ల నడుమ ఉంటది. ఆ తర్వాత ఇరవై ఏండ్లు మా దిక్కు రాత్రిపూట జీపు చప్పుడైతె కుక్కల కంటె ముందు మనుషులు లేచేటోళ్ళు. ఇంట్ల ఏమున్నా భయం లేదు, పుస్తకం ఉంటె భయం.

మా నానమ్మకు అక్షరం రాదు. కొడుకు సందుగల ఏమున్నయో ఆమెకు బొమ్మ చూస్తెనే తెలిసేది. షాడో నవల కవర్ ఎట్లుంటదో చూసినోళ్ళకు తెలుసు: చేతిల పిస్తోలు, వెనుక మంటలు. పిస్తోలు బొమ్మ ఉన్నదంటె ఆమె లెక్కల అది అన్నల పుస్తకమే. ఒకనాడు పక్క ఊర్లె ఎవరినో పట్టుకపోయిన్రని తెలిసి, బాపు లేనప్పుడు సందుగ తెరిచి, పిస్తోలున్న అట్టలన్నీ చింపి పొయ్యిల పెట్టింది. ఆ పొయ్యి మీదనే రాత్రికి గట్క వండింది. బాపు వచ్చి కాళ్ళవేళ్ళ పడి "లోపల బొమ్మలు లేవే, ఉత్త కథలే" అంటె మిగిలిన పుస్తకాలు మిగిలినయి. మైదాపిండి ఉడకబెట్టి, పాత పేపర్లు అంటిచ్చి, మల్ల అట్టలేసుకున్నడు బాపు. ఆ పేపర్ అట్టలు గూడ ఇప్పటికి ఊడిపోయినయి. సీజీసీ కంపెనీ పదికి ఎన్ని మార్కులేస్తదో నాకు తెల్వది గని, ఆ చింపిన అంచు మా ఇంటి చరిత్రల ఒక పేజీ. నానమ్మ చెయ్యి అంతకంటె ఎక్కడా మిగల్లేదు. ఆమె ఫోటో గూడ లేదు మా దగ్గర.

మరకలంటివి గదా. అవి తంబాకు మరకలు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, మా దిక్కు ఏ ఊరైన తీసుకోండి, బీడీలు చుట్టని ఆడోళ్ళున్న వాడ ఉండదు. మా అవ్వ వయసోళ్ళంత చాటలు ఒళ్ళె పెట్టుకొని యాపచెట్టు కింద కూసుంటె, ఏడో తరగతి చదివే పిల్ల ఒకతి నవల చదివి వినిపిచ్చేది. ఆ పిల్ల చుట్టవలసిన బీడీలు మిగిలినోళ్ళు తలా ఇన్ని చుట్టి ఇచ్చేటోళ్ళు. పేజీ తిప్పేటప్పుడు ఆ పిల్ల చేతికి గూడ తంబాకు ఉండేది. కట్టలు లెక్కవెట్టే యాళ్ళకు షాడో ఏ గుహల చిక్కిండో అక్కడ ఆపేటోళ్ళు. తెల్లారి మల్ల అక్కడికెల్లి. అక్షరం రాని పది మంది ఆడోళ్ళు షాడో, గంగారాం, బిందు, ముకేష్, శ్రీకర్ గురించి చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడేటోళ్ళు. అవ్వకు ఇప్పటికీ గంగారాం అంటె నవ్వు వస్తది. ఈ చదువరులు ఏ గ్రంథాలయం రిజిస్టర్ల ఉన్నరు? ఏ సాహిత్య చరిత్రల ఉన్నరు? మరకల ఉన్నరు.

రాతలంటివి గదా. ఒక నవల చివరి పేజీ మీద పదకొండు పేర్లు ఉన్నయి. పేరు పక్కన ఊరు: రుద్రంగి, మానాల, చందుర్తి, కథలాపూర్, మేడిపల్లి. కొన్నిట్ల ఊరికి బదులు మస్కట్, రూం నంబర్. బాపు మస్కట్ పోయినప్పుడు బ్యాగుల మామిడికాయ తొక్కు, దుప్పటి, నాలుగు నవలలు తీసుకపోయిండు. పన్నెండు మంది పండే రూములల్ల ఆ నాలుగు నవలలు తిరిగినయి. చదివినోడు పేరు రాసి పక్కోనికి ఇయ్యాలె, అది రూలు. పేరు రాయబట్టె ఎవరి దగ్గర ఉన్నదో తెలిసేది. ఆ పదకొండు మందిల ఇద్దరు ముగ్గురు లేరు ఇప్పుడు. ఒకతను పెట్టెల వచ్చిండు. అతని చేతిరాత వాళ్ళింట్ల ఏడనన్న ఉన్నదో లేదో గని మా సందుగల ఉంది, నీలిరంగు పెన్నుతోని, ఊరి పేరు తప్పు లేకుంట. దానికి హైదరాబాద్ అన్న రేటు తగ్గిచ్చిండు.

ఇక్కడిదాక వచ్చినంక మీరు అడుగుతరు, మరి చందమామ సంగతేంది అని. ప్రతి జూలైల మొదలైతది గదా, "చందమామ లేని తెలుగు బాల్యం లేదు" అని. 1947 జూలైల మద్రాసుల నాగిరెడ్డి, చక్రపాణి చందమామ మొదలుపెట్టిన్రు. అప్పటికి మా ఊరు నిజాం రాజ్యంల ఉంది. బడి అంటె ఉర్దూ, పని అంటె వెట్టి. మా వాడకు ఇంకో సంవత్సరం దాక స్వాతంత్ర్యమే రాలేదు, చందమామ ఏడికెల్లి వస్తది? 1961 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తంల ఎస్సీలల్ల చదువచ్చినోళ్ళు నూటికి 10.27 మంది. 1981 నాటికి 21.38. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలేసిన కాలం, కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం చేసిన కాలం, దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క, కంచుకోట, పాతాళదుర్గం రాసిన కాలం అదే. స్వర్ణయుగం అంటున్నరు గదా, ఆ యుగంల మాల మాదిగల ఇండ్లల్ల నూటికి ఎనభై మందికి బొమ్మ కింద ఏం రాసిందో తెల్వది. చందమామ మంచిది కాదు అంటలేను. "అందరి" అనకుండ్రి అంటున్న. మీ బాల్యం అనుండ్రి, ఎవ్వరికీ పేచీ లేదు.

నేను చందమామ చదివింది పెద్దగైనంక, స్కాన్ చేసి పెట్టిన పాత సంచికలల్ల. వాటిని ఓపికగ స్కాన్ చేసినోళ్ళు గూడ ఈ సేకరణ చేసేటోళ్ళే, ఆ అప్పు కాదనను. కుటుంబరావు, దాసరి ఇద్దరూ హేతువాదులే, మూఢనమ్మకాలను నవ్వులాటగ తీసేసిన కథలు చాన ఉన్నయి. తోకచుక్క చదివి నేను గూడ తెల్లారేదాక పండుకోలేదు. అయినా ఒకటి చెప్త. ఆ కథలల్ల మొదటి వాక్యంలనే మనిషి ఏ పనోడో చెప్తరు: ఒక ఊర్లె ఒక బ్రాహ్మడు, ఒక వర్తకుడు, ఒక రైతు, ఒక కట్టెలు కొట్టెటోడు. నేను చదివిన సంచికలల్ల మా వాడ పేరు ఎక్కడ తగుల్తదా అని చూసిన. తగల్లేదు. ఊరున్నది, వాడ లేదు. చెప్పులున్నయి, చెప్పులు కుట్టినోని ఇల్లు లేదు. మా ఒంటి రంగు మాత్రం దొరికింది, రాక్షసుల ఒంటి మీద.

షాడో దగ్గర గీ ఇబ్బంది లేకపాయె. నేను చదివినంతల హీరో కులం ఏందో ఎక్కడా తగల్లేదు. చీఫ్ పేరు కులకర్ణి అని తెలుస్తది, ఎప్పటిలెక్కనే పై కుర్చీల ఎవరు ఉండాల్నో వాళ్ళే ఉన్నరు. కని హీరో ఇంటిపేరు ఖాళీ. ఆ ఖాళీల మా వాడ పిల్లలు జొరబడ్డరు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ సూటు వేసుకొని పట్నంల ఉండె, మాకు దూరం. షాడో దెబ్బలు తినెటోడు, మన్నుల పండెటోడు, ఆకలికి ఉండెటోడు. కిరాయి పుస్తకాల దుకాణంల పావలా ఇస్తె పుస్తకం ఇచ్చిన్రు, కులం అడగలేదు. ఊరి బడిల నీళ్ళ కుండ దగ్గర బాపు దూరం నిలబడ్డ రోజులవి. పావలా కొట్టిన దగ్గర నిలబడనిచ్చిన్రు.

అప్పుడు ఈ పుస్తకాలను సాహిత్య పెద్దలు ఏమన్నరో గుర్తుందా? చెత్త అన్నరు, యువతను చెడగొట్టే విషం అన్నరు. విప్లవం మాట్లాడినోళ్ళు గూడ అదే అన్నరు, వాళ్ళను విడిచిపెట్టను. ఒక్కరు గూడ వాడకొచ్చి, ఈ పుస్తకం ఎవరు చదువుతున్నరు, ఎందుకు చదువుతున్నరు అని అడగలే. ఇప్పుడు అదే చెత్త గాజు బీరువాలల్ల వారసత్వం అయ్యింది. మేం చదివినప్పుడు చెత్త, మీరు కొన్నప్పుడు వారసత్వం!

ఇంద్రజాల్ కామిక్స్ గురించి గూడ ఒక మాట. 1964 మార్చిల టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు మొదలుపెట్టిన్రు, 1990ల ఆపిన్రు. మొదటి సంచిక ఫాంటమ్‌ది, దాని కోసం సేకరించేటోళ్ళు ప్రాణం ఇస్తరు. లీ ఫాక్ 1936ల పుట్టిచ్చిన ఈ ఫాంటమ్ ఎవరు? నల్లోళ్ళ అడవిల పుర్రె సింహాసనం మీద కూసున్న తెల్లోడు. తండ్రి పోతె కొడుకు, కొడుకు పోతె మనుమడు, నాలుగు వందల ఏండ్లు అదే ముసుగు, అదే కుర్చీ. చుట్టూర ఉన్న అడవి మనుషులు కాపలా కాయాలె, కథలు చెప్పాలె, నమ్మాలె. మాకు ఈ కథ కొత్తగ అనిపియ్యది. మా దిక్కు దానికి పేరు దొర, పుర్రె గుహకు పేరు గడీ. మా ఊరి పేరు మీదనే 2023 జూలైల రుద్రంగి అని సినిమా వచ్చింది. తీసింది మన రసమయి బాలకిషన్ అన్ననే, దొరతనాన్ని తిట్టనీకే తీసిండు. అయినా గోడల మీద పోస్టర్ చూస్తె ఏమున్నది? కింద మా ఊరి పేరు, మీద దొర వేషంల జగపతిబాబు మొఖం. ఇరవై ఏండ్లైనంక ఆ పోస్టర్‌ను గూడ ఎవరో చుట్ట చుట్టి దాస్తరు, రేటు కడుతరు. రుద్రంగి అంటె ఆ మొఖమే అనుకుంటరు.

మాకు బొమ్మల కథలు మద్రాసు నుంచి రాలేదు, న్యూయార్క్ నుంచి రాలేదు. చేర్యాల నకాషీ వాళ్ళు ఖద్దరు బట్టకు చింతగింజల అంబలి, గంజి, సుద్ద పూసి, ఎర్ర రంగు మీద గళ్ళు గళ్ళుగ కథ వేసేటోళ్ళు. వరుస వెనుక వరుస, మూరలకు మూరలు. పటం విప్పుకుంట ఒక్కో బొమ్మ చూపెట్టి పాడితె రాత్రులకు రాత్రులు నడిచేది. కులానికొక పటం. సిరిసిల్ల పద్మశాలీలకు కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం చెప్తరు. మాదిగలకు డక్కలోళ్ళు జాంబపురాణం చెప్తరు. జాంబవుడు భూమి పుట్టకముందు పుట్టినోడు, బ్రాహ్మణ్ణి ఎదురు నిలబెట్టి, ముందు ఎవరం పుట్టినం అని అడిగినోడు. అది మా సూపర్ హీరో కథ. సూపర్‌మ్యాన్ పుట్టకముందుకెల్లి ఉన్నది. పటం పాతబడితె దాచిపెట్టేటోళ్ళు కాదు, నీళ్ళల్ల కలిపేటోళ్ళు, మనిషిని సాగనంపినట్టు. కొత్త పటం వేయించుకునేటోళ్ళు. కథ నడవాలె, బట్టది ఏమున్నది. ఇప్పుడు మిగిలిన పాత పటాలు హైదరాబాద్ల జగదీశ్ మిట్టల్ మ్యూజియం అసొంటి చోట్ల ఉన్నయి. చేర్యాల బొమ్మ కీచైన్ అయ్యింది, హోటల్ గోడ మీద ఫ్రేమ్ అయ్యింది. పాడెటోడు లేని పటం, చదివెటోడు లేని కామిక్, రెండిటికి గిరాకీ బాగున్నది.

ఇక్కడ మన తప్పు గూడ రాయాలె. జాంబపురాణం మనకోసం మోసుకొచ్చిన డక్కలోళ్ళను మనం ఇంట్లకు రానిచ్చినమా? వాడ బయట గుడారమేసుకొమ్మన్నం, గిన్నె దూరం నుంచి పోసినం. మనల్ని ఊరు ఎట్ల చూసిందో వాళ్ళను మనం అట్లనే చూసినం. మా నానమ్మ గూడ చూసింది. దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చినప్పుడు ఫోటోలు పెట్టుకున్నం, మంచిదే. పటం పట్టుకొని మీ వాడకు వచ్చిన ఆఖరి డక్కలాయన ఎవరు, ఆ పటం ఏమైంది? మీ నాయనలను అడుగుండ్రి. మా వాడల అడిగితె నలుగురు పెద్దమనుషులు నాలుగు తీర్ల చెప్పిన్రు.

అమర్ చిత్ర కథ వాళ్ళు 1979ల అంబేద్కర్ మీద ఒక సంచిక వేసిన్రు. 1967ల మొదలై, దేవుళ్ళు, రాజులు, రుషులు అయినంక బాబాసాహెబ్ వంతు వచ్చింది. ఆ సంచికను గూడ ఇప్పుడు సేకరిస్తున్నరు, వరుస నంబర్ తప్పకుంట ఉండాలె గదా, నడుమ ఒకటి తక్కువైతె సెట్టు చెడుతది. 2011ల వచ్చిన భీమాయన వేరే సంగతి. గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ వేసిన్రు. మనుషులను డబ్బాలల్ల పెట్టం అని గళ్ళు తీసేసిన్రు. కులం విషం కక్కే మాటకు తేలు కొండి గీసిన్రు, బాధపడ్డోని మాటకు పిట్ట రూపం ఇచ్చిన్రు. నా కాపీ వాడ పిల్లల చేతులల్ల తిరిగి తిరిగి రెండు ముక్కలైంది. తేలు బొమ్మ దగ్గర ఎవరో పిల్లగాడు పెన్సిల్‌తోని తన బడి పంతులు పేరు రాసిండు. చెరపలేదు నేను.

హైదరాబాద్ అన్నకు నేను అమ్మనని చెప్పిన. కోపానికి రాలే ఆయన. రెండు రోజులైనంక తన దగ్గరున్న ఒక షాడో నవల కవర్ ఫోటో పంపిండు, మా కట్టల ఉన్న నవలదే, ప్లాస్టిక్ సంచిల మెరుస్తున్నది. "మీ బాపుకు చూపెట్టండి, సంతోషపడ్తరు" అని రాసిండు. మంచి మనసుతోనే పంపిండు, అది గూడ రాయాలె. బాపుకు చూపెట్టిన. కండ్లద్దాలు పెట్టుకొని ఫోన్ దగ్గరికి దూరంకు జరుపుకుంట చాన సేపు చూసిండు. "గిదే, గిదే బొమ్మ, మీ నానమ్మ ముందుగాల గిదే చింపింది" అన్నడు. ఇంకా కొంచెం చూసి, "ఇంత కొత్తగున్నది, ఈళ్ళింట్ల ఎవ్వలు సదువుకోలేదారా" అని అడిగిండు.

మీ ఇండ్లల్ల ఉన్నయి, నాకు తెలుసు. అటక మీద, ధాన్యం గుమ్మి వెనుక, గల్ఫ్ నుంచి తెచ్చిన సూట్‌కేసుల అడుగున. షాడోలు, యుగంధర్లు, బస్టాండుల కొన్న బొమ్మల పుస్తకాలు, జాతర్ల కొన్న పాటల పుస్తకాలు. పాత సామాన్లోనికి కిలో లెక్కన ఏసేముందు ఆగుండ్రి. హైదరాబాద్‌కు అమ్మేముందు గూడ ఆగుండ్రి. చివరి పేజీ తీసి చూడుండ్రి. పేర్లుంటె ఫోటో తీసి పంపుండ్రి, ఆ పేర్లు ఎవరివో ఇంట్ల పెద్దోళ్ళను అడిగి రాసి పంపుండ్రి. బతికున్నోళ్ళవైతె వాళ్ళను అడిగినంకనే పెడుదం. రుద్రంగి, చందుర్తి, కథలాపూర్ దిక్కోళ్ళు పుస్తకాలే తెచ్చియ్యదల్చుకుంటె మా ఇంటికి తేండ్రి, అవ్వ చాయ్ పోస్తది. అట్టలు నేను ఏస్త. ఎవ్వరన్న వచ్చి చదువుకోవచ్చు, చదివినోళ్ళు చివర పేరు రాయాలె.

పన్నెండో భాగంల బీడీ కార్ఖానాలల్ల పాడిన పాటల సంగతి. అవ్వ ఇంకో మూడు పాటలు గుర్తుచేసుకుంటున్నది, ఆమెకు యాదికొచ్చినంకనే రాస్త.